తల గుండ్రంగా రావాలంటే దిండు అక్కర్లేదు, పక్క మార్చండి

పోయిన నెల ఈ శీర్షికలో ఒక తల్లి తన బాబు వెనక తల పలకలా తయారైందని రాస్తే, వెల్లకిలా పడుకోబెట్టండి, మేలుకుని ఉన్నప్పుడు కాసేపు బోర్లా వేయండి అని రెండు ముక్కల్లో జవాబిచ్చాను. అది ఎవరికీ చాలలేదని తర్వాత వచ్చిన ఉత్తరాలు చూస్తే తెలిసింది. ఆవాల దిండు గురించి అడిగినవాళ్లున్నారు, నీళ్లు పోసేటప్పుడు తల ఒత్తడం గురించి అడిగినవాళ్లున్నారు, అమెరికా నుంచి, తల ఆకారం సరిచేయడానికి పిల్లలకు పెట్టే హెల్మెట్ గురించి రాసినవాళ్లూ ఉన్నారు. అందుకని ఈసారి వేరే విషయం ముట్టుకోకుండా మొత్తం పిల్లల తల గురించే.

*డాక్టర్ గారూ, మా పాపకు రెండున్నర నెలలు. మొదటి కాన్పు. పుట్టిన వారం రోజులకు తల చక్కగా గుండ్రంగా ఉంది. ఇప్పుడు వెనక కుడివైపు అణిగినట్టు కనిపిస్తోంది, అక్కడే జుట్టు కూడా రాలిపోయింది. మా అత్తగారు ఆవాల దిండు కుట్టించి తెచ్చారు. మా అమ్మేమో పక్కకు తిప్పి పడుకోబెట్టమంటోంది. చూడటానికొచ్చిన ప్రతివాళ్లూ తల్లి సరిగ్గా చూసుకోవట్లేదన్నట్టు మాట్లాడుతుంటే ఏడుపొస్తోంది. ఇది తగ్గుతుందా? మెదడుకేమైనా అవుతుందా?*
*— ఒక తల్లి, కాకినాడ*

ముందు ఆ మాటల సంగతి చూద్దాం. ఇది మీరు చూసుకోకపోవడం వల్ల వచ్చింది కాదమ్మా. కెనడాలోని క్యాల్గరీ నగరంలో 7 నుంచి 12 వారాల వయసున్న 440 మంది పిల్లల తలలు కొలిచి చూశారు, 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. 46.6 శాతం మందిలో, అంటే దాదాపు సగం మందిలో, ఎంతో కొంత చదును ఉంది. వాళ్లలో ఎక్కువమందికి మీ పాపలాగే కుడివైపే, అదీ చాలామందికి స్వల్పంగానే. సగం మంది తల్లులు బిడ్డల్ని పట్టించుకోలేదని ఎవరైనా అనగలరా? ఈసారి ఎవరైనా మాట అంటే ఈ లెక్క చెప్పండి.

మెదడుకు ఏమీ కాదు. పుర్రె ఒకవైపు అణిగితే ఇంకోవైపు పెరిగి మెదడుకు కావలసిన చోటు ఇస్తుంది.

ఎందుకొస్తుందో తెలిస్తే ఏం చేయాలో సగం మీకే తోస్తుంది. పుట్టిన బిడ్డ పుర్రె ఒకే ముక్క కాదు. పలచటి ఎముకలు కొన్ని, వాటి మధ్య ఇంకా కలవని అతుకులు, నడినెత్తిన వేలికి మెత్తగా తగిలే మాడు. తల చుట్టుకొలత పుట్టినప్పుడు సుమారు 34, 35 సెంటీమీటర్లు ఉంటే ఏడాది నిండేసరికి 45, 46కి వస్తుంది, ఆ పెరుగుదలలో పెద్ద భాగం మొదటి ఐదారు నెలల్లోనే. పాదు మీద గుమ్మడికాయను చూసే ఉంటారు, నేలకు ఆనిన వైపు చదునుగా ఉండి మిగతా అంతా గుండ్రంగా పెరుగుతుంది. ఎవరూ దాన్ని నొక్కలేదు, పెరిగేటప్పుడు ఒకే వైపు ఆని ఉంది, అంతే. మీ పాప తలకు జరిగింది కూడా అదే. జుట్టు రాలిన చోటు ఉందన్నారు కదా, పాప తల రోజంతా ఎక్కడ ఆనుతోందో ఆ మచ్చే చెబుతోంది.

అయితే కుడివైపే ఎందుకు? మీ ఇంట్లో మంచం ఎక్కడుందో ఒకసారి చూడండి. మన ఇళ్లలో బాలింత మంచం గోడకు చేర్చి వేస్తారు, పడిపోకుండా బిడ్డను గోడవైపు పడుకోబెడతారు, ఇటువైపు తల్లి. ఇక బిడ్డ అటు తిరిగితే ఏముంది, సున్నం గోడ. ఇటు తిరిగితే అమ్మ, అమ్మ వాసన, కిటికీ వెలుగు, వచ్చిపోయేవాళ్లు. రోజుకు పదహారు గంటలు పడుకునే పసిబిడ్డ మెడ ఎటు తిప్పుతుందో వేరే చెప్పాలా? కాబట్టి ఈ రాత్రే ఒక పని చేయండి: పాప తల ఇప్పుడు ఏ వైపు ఉంటోందో రేపు అటు కాళ్లు పెట్టండి. అప్పుడు మీకోసం ఎడమవైపు తిరగాల్సి వస్తుంది. రోజు విడిచి రోజు అలా మార్చుతూ పోండి, మంచం కదపడం వీలైతే గోడ నుంచి జరిపేయండి. నిద్రపోయాక తలను మెల్లగా ఎడమకు తిప్పొచ్చు. కాసేపటికి మళ్లీ తనే తిప్పేసుకుంటుంది, పర్వాలేదు, మళ్లీ తిప్పండి.

ఇక్కడ మీ అమ్మగారు చెప్పింది సగం సరైనది, సగం ప్రమాదం. తలను తిప్పొచ్చు. ఒంటిని పక్కకు తిప్పి, వీపు వెనక దిండు అడ్డం పెట్టి పడుకోబెట్టకూడదు. పక్కకు పడుకున్న బిడ్డ దొర్లి బోర్లా పడిపోతే ఈ వయసులో తల ఎత్తుకోలేదు, ముక్కు నోరు పరుపులో ఇరుక్కుపోతాయి. పిల్లల్ని బోర్లా పడుకోబెట్టొద్దని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 1992లో చెప్పింది, 1994 నుంచి దేశమంతా వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేశారు, ఆ తర్వాత నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసివాళ్ల సంఖ్య సగానికి పైగా తగ్గింది. అదే కాలంలో తలలు చదునయ్యే పిల్లలు పెరిగారు, నిజమే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ముఖ్యమో మీకు నేను చెప్పక్కర్లేదు. పగలైనా రాత్రయినా, కునుకైనా పెద్ద నిద్రయినా, ఏడాది నిండేదాకా పడుకోబెట్టడం మాత్రం వెల్లకిలానే.

దిండు సంగతి. అత్తగారు ప్రేమతో కుట్టించారు, ఆ ప్రేమను కాదనడం లేదు, కానీ పాప తల కింద పెట్టకండి. ఆవాల దిండు, మధ్యలో గుంట ఉన్న స్పాంజి దిండు, చీర చుట్టి చేసిన చుట్ట, ఆన్‌లైన్‌లో 'తల గుండ్రంగా తెచ్చే దిండు' అని అమ్మేవి, అన్నిటికీ ఇదే జవాబు. దిండు మీద తల పైకి లేస్తే గడ్డం ఛాతీకి ఆని గాలి దారి ఇరుకవుతుంది, తల పక్కకు తిరిగితే ముక్కు దిండు అంచుకు తగులుతుంది, కుట్టు ఊడి ఆవాలు బయటికొస్తే అవి బిడ్డ నోట్లోకో ముక్కులోకో పోతాయి. తలకు ఆకారం తెస్తాయని చెప్పే ఈ దిండ్లు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 నవంబరులో తల్లిదండ్రుల్ని సూటిగా హెచ్చరించింది, ఊపిరాడక చనిపోయే ప్రమాదం ఉందని. పసిబిడ్డ పక్క గట్టిగా, సమంగా ఉండాలి, దాని మీద దిండ్లు, బొంతలు, బొమ్మలు ఉండకూడదు. అత్తగారికి ఈ ముక్క చదివి వినిపించండి, నా మీద వేసి చెప్పండి, ఇంట్లో గొడవ అక్కర్లేదు.

మిగతా పని మేలుకుని ఉన్నప్పుడు చేయాల్సింది. వెనక తల పక్క మీద ఆనకుండా ఎంతసేపు ఉంటే అంత లాభం: భుజాన వేసుకుని తిరగడం, ఒళ్లో నిలువుగా కూర్చోబెట్టుకోవడం, మీ గుండె మీద బోర్లా పడుకోబెట్టుకోవడం. పాలిచ్చేటప్పుడు రొమ్ము మార్చడంతో తల ఎలాగూ అటూ ఇటూ తిరుగుతుంది, సీసా పాలు పట్టేవాళ్లయితే ఒక్కో పూట ఒక్కో చేతిలోకి మార్చుకోవాలి, చాలామంది ఎప్పుడూ ఎడమచేతిలోనే పడుకోబెట్టుకుంటారు. గలగల బొమ్మ ఊపినా, పేరు పెట్టి పిలిచినా ఎడమవైపు నుంచి చేయండి.

రెండున్నర నెలలంటే మంచి సమయం. మూడు నాలుగు నెలల లోపు మొదలుపెడితే వారాల్లో తేడా తెలుస్తుంది, ఆరో నెల దాటి కూర్చోవడం మొదలయ్యాక ఇంకా సర్దుకుంటుంది. రోజూ తల తడిమి టెన్షన్ పడకండి. నాలుగు వారాలకొకసారి, నీళ్లు పోశాక తడి జుట్టు మీద, పాపను ఎవరైనా ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుంటే పైనుంచి నడినెత్తి కనిపించేలా ఒక ఫొటో తీసుకోండి. ఆ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి, అప్పుడే నిజం తెలుస్తుంది. 10 వారాలకు, 14 వారాలకు టీకా వేయించడానికి వెళ్తారు కదా, అప్పుడు డాక్టరుకు చూపించి తల కొలిపించండి.

*డాక్టరమ్మా, నాకు డెబ్బై ఏళ్లు. ఆరుగురు పిల్లల్ని, పదకొండు మంది మనుమలు మనుమరాళ్లను నా కాళ్ల మీద వేసుకొని నీళ్లు పోసిన. తల ఒత్తి, ముక్కు తీసి, సాంబ్రాణి పొగ వేసి, తొట్టెలలో పండబెట్టినం. ఒక్కరి తల సొట్ట పోలేదు. ఇప్పుడు కోడలు ఏది ముట్టుకోనిస్తలేదు. మేం చేసిందంతా తప్పేనా?*
*— ఒక నాయనమ్మ, సిద్దిపేట జిల్లా*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు చేసిందంతా తప్పు కాదు. ఇప్పుడు మేం పుస్తకాల్లో చదివి చెబుతున్న ఒక మంచి పని మీరు ఎప్పటినుంచో చేస్తున్నారు, దాని పేరు మాత్రం వేరు. పిల్లను చాచిన కాళ్ల మీద బోర్లా వేసుకుని, వీపుకు నూనె రాసి, నలుగు రుద్ది, నీళ్లు పోసేవారు కదా? ఆ పది పదిహేను నిమిషాలు బిడ్డ బోర్లా ఉండి మెడ ఎత్తడానికి గింజుకునేది, మెడకూ భుజాలకూ బలం వచ్చేది, వెనక తలకు విశ్రాంతి దొరికేది. ఇప్పుడు డాక్టర్లు టమ్మీ టైమ్ అని చెప్పేది ఇదే.

ఇంకొకటి కూడా జరిగేది. మీ ఇంట్లో పదిమంది ఉండేవారు. బిడ్డ కళ్లు తెరిస్తే చాలు ఎవరో ఒకరు ఎత్తుకునేవారు, అత్త, చిన్నమ్మ, పక్కింటావిడ, ఒకరి భుజం మీంచి ఇంకొకరి చంకకు. తల మంచానికి ఆనే సమయమే తక్కువ. మీ మనుమల తలలు గుండ్రంగా వచ్చాయంటే ఒత్తడం వల్ల కాదమ్మా, అన్ని చేతులు ఎత్తుకోవడం వల్ల. ఇప్పుడు మీ కోడలు నాలుగు గోడల మధ్య ఒక్కతే ఉంటుంది, వంటా తనే, బిడ్డా తనే, కాబట్టి బిడ్డ ఎక్కువసేపు పక్క మీదే ఉంటుంది. అక్కడ మీ అవసరం చాలా ఉంది.

వద్దనేవి కొన్ని ఉన్నాయి, మొహమాటం లేకుండా చెబుతాను. తలను ఒత్తొద్దు. రోజుకు రెండు నిమిషాలు ఒత్తితే ఎముక ఆకారం మారదు, పుట్టినప్పుడు కోలగా ఉన్న తల కొద్ది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది, అది ఒత్తడం వల్ల సర్దుకుందని మనం అనుకుంటాం. మాడు మీద బలంగా అదిమితే కీడే కానీ మేలు లేదు. ముక్కు లాగడం, ముక్కులో చెవిలో నూనె చుక్కలు వేయడం పూర్తిగా మానేయాలి, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. సాంబ్రాణి పొగ పసివాళ్ల ఊపిరికి మంచిది కాదు, తల పొడి గుడ్డతో అద్దితే ఆరిపోతుంది. గుడ్డ తొట్టెలలో బిడ్డ వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, తల కదల్చడానికి చోటు ఉండదు. మీరు పక్కన కూర్చుని కాసేపు ఊపితే ఊపండి, నిద్రపోయాక తీసి సమంగా ఉన్న పక్క మీద వేయండి, రాత్రంతా అందులో ఉంచొద్దు. నూనె రాయడం, కాళ్ల మీద బోర్లా వేసుకోవడం, పాట పాడటం ఇవన్నీ మీవే, కోడలికి ఈ పేజీ చూపించండి.

*మాది హన్మకొండ. నెల ముందే పుట్టిన కవలలు, ఇప్పుడు మూడు నెలలు. పెద్దవాడు బాగానే ఉన్నాడు. చిన్నవాడు ఎప్పుడు చూసినా ఎడమవైపే చూస్తాడు, కుడికి తిప్పితే ఏడుస్తాడు, తల కూడా ఒక పక్కకు వాలి ఉంటుంది. ఎడమవైపు తల చదునైంది. పక్క మార్చి చూశాం, బొమ్మలు మార్చి చూశాం, ఏం లాభం లేదు.*
*— ఒక తండ్రి*

మీరు పక్క మార్చినా లాభం లేదన్నారే, అదే అసలు గుర్తు. వాడు తిరగనంటున్నాడు అనుకోకండి, తిరగలేకపోతున్నాడేమో చూడాలి. చెవి వెనక నుంచి మెడ పక్కగా గొంతు కిందికి దిగే ఒక కండరం ఉంటుంది, కొందరు పిల్లల్లో అది బిగుసుకుని పొట్టిగా అవుతుంది. కడుపులో ఉన్నప్పుడు చోటు చాలకపోతే ఇలా అవుతుంది, కవలల్లో ఇంకా ఇరుకు. దీన్ని టార్టికాలిస్ అంటారు. అటువంటప్పుడు తల ఒకవైపు వాలి, మొహం రెండోవైపు తిరిగి ఉంటుంది. మెడ పక్కన ఒక్కోసారి గోళీకాయంత గట్టి గడ్డ తగులుతుంది, భయపడక్కర్లేదు, అది కండరంలోనిదే.

ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి, తర్వాత ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి. వాళ్లు మెడ సాగదీసే వ్యాయామం నేర్పిస్తారు, నేర్చుకున్నాక రోజూ చేయాల్సింది మీరే, చూపించకుండా సొంతంగా మెడ లాగొద్దు. ఎంత ముందు మొదలుపెడితే అంత తొందరగా తగ్గుతుంది, చాలామందికి ఆపరేషన్ దాకా పోదు. ఈ పిల్లల్లో కొందరికి తుంటి కీలు కూడా వదులుగా ఉంటుంది, అందుకని తుంటి కూడా పరీక్షించమని అడగండి. ప్రైవేటులో ఖర్చు భరించలేకపోతే జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో డీఈఐసీ అనే కేంద్రాలు ఉంటాయి, పుట్టుకతో వచ్చే లోపాలు, ఎదుగుదల సమస్యలు ఉన్న పిల్లల కోసం, ప్రభుత్వం పిల్లల ఆరోగ్యానికి నడిపే ఆర్‌బీఎస్‌కే పథకం కింద పెట్టినవి. అక్కడ డబ్బు తీసుకోరు.

నెల ముందు పుట్టిన పిల్లల పుర్రె ఇంకా మెత్తన, ఆసుపత్రిలో ఒకే భంగిమలో ఎక్కువ రోజులు ఉంటారు, మెడ బలం కూడా ఆలస్యంగా వస్తుంది. మూడు నెలలని లెక్కపెట్టకండి, మీ పిల్లల వయసు రెండు నెలలనే అనుకుని ఎదుగుదల చూడండి. ఇద్దరినీ ఒకేసారి ఎత్తుకోవడం ఒక్కరి వల్ల కాదు, అందుకే తండ్రిగా మీరు రాసినందుకు సంతోషం. ఆఫీసు నుంచి రాగానే చొక్కా తీసి చిన్నవాణ్ణి గుండె మీద నిలువుగా పడుకోబెట్టుకోండి, వాడి మొహం మీకు కుడిచేయి వైపుకో ఎడమచేయి వైపుకో కాదు, వాడు తిరగలేని వైపుకు ఉండేలా మెల్లగా చూసుకుంటూ. కంగారూ పద్ధతి అని నెల తక్కువ పిల్లలకు చెప్పేది ఇదే, తల్లే చేయాలని ఎక్కడా లేదు.

*మేం డల్లాస్‌లో ఉంటాం. బాబుకు ఐదున్నర నెలలు. ఇక్కడ తల స్కాన్ చేసి హెల్మెట్ పెట్టమన్నారు, ఇన్సూరెన్స్ ఇవ్వకపోతే వేల డాలర్లు. ఇండియాలో ఉన్న మా డాక్టర్ అంకుల్ ఏమీ వద్దు అన్నారు. ఎవరి మాట వినాలి?*
*— ఒక తల్లి, టెక్సస్*

మీ ఇద్దరు డాక్టర్లూ అబద్ధం చెప్పలేదు. నెదర్లాండ్స్‌లో 84 మంది పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు, 2014లో వచ్చింది. ఓ మోస్తరు నుంచి ఎక్కువగా చదునున్న ఐదారు నెలల పిల్లల్ని చీటీ తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆరు నెలలు హెల్మెట్ పెట్టారు, రెండో జట్టును అలాగే వదిలేశారు. రెండేళ్ల వయసులో కొలిస్తే పూర్తిగా సరయినవాళ్లు హెల్మెట్ జట్టులో 25.6 శాతం, వదిలేసిన జట్టులో 22.5 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. మీ అంకుల్ మాటకు బలం ఇదే. కానీ ఆ ప్రయోగంలో మరీ తీవ్రంగా వంకర ఉన్న పిల్లల్నీ, మెడ బిగుసుకున్న పిల్లల్నీ, నెల తక్కువ పిల్లల్నీ చేర్చుకోలేదు. అమెరికాలో న్యూరోసర్జన్లు 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు, పక్క మార్చడం, ఫిజియోథెరపీ చేసినా తగ్గని ఓ మోస్తరు, తీవ్రమైన చదునుకు హెల్మెట్ వాడొచ్చంటాయి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యం మామూలుగా హెల్మెట్ ఇవ్వదు.

నేనైతే ఇలా చూస్తాను. చదును స్వల్పమో ఓ మోస్తరో అయితే, మీరు ఇంతవరకు పక్క మార్చడం, బోర్లా వేయడం గట్టిగా చేయకపోతే, ఆ పని ఆరు వారాలు మనసు పెట్టి చేసి మళ్లీ కొలిపించండి. అన్నీ చేసినా చెవులు ముందువెనకలై, నుదురు ఒకవైపు ఉబ్బి, మొహం వంకర ఎదురుగా నిలబడినవాళ్లకు తెలిసిపోతుంటే హెల్మెట్ పెట్టించడం తప్పు కాదు. అప్పుడు ఆలస్యం చేయకండి, తల వేగంగా పెరిగే కాలంలోనే అది పనిచేస్తుంది, ఏడాది దాటాక పెద్దగా ఉపయోగం ఉండదు. రోజుకు 23 గంటలు ఉంచాలి, చెమట, వాసన, చర్మం కమలడం ఉంటాయి, రెండు మూడు వారాలకొకసారి సర్దించుకోవడానికి తిరగాలి. డబ్బు లేక పెట్టించలేకపోతే బిడ్డకు అన్యాయం చేశామని మాత్రం కుమిలిపోవద్దు, పైన చెప్పిన అంకెలు మళ్లీ చదవండి.

*బోర్లా వేస్తే మా పాప ఒక్క నిమిషం ఉండదు, గుక్కపట్టి ఏడుస్తుంది. నాలుగు నెలలు వస్తున్నాయి. మానేయొచ్చా?*
*— గుంటూరు నుంచి*

మానేయొద్దు, మార్చండి. చాలామంది పాలు తాగించిన వెంటనే నేల మీద చాప వేసి బోర్లా వేస్తారు, పొట్ట నిండుగా ఉంటే ఎవరికైనా కష్టమే. పాలు తాగి అరగంట అయ్యాక, పక్క తడిపితే గుడ్డ మార్చాక, మంచి హుషారులో ఉన్నప్పుడు వేయండి. నేల వద్దంటే మొదట మీ గుండె మీద, తర్వాత మీ తొడల మీద అడ్డంగా, ఆ తర్వాత చంకల కింద చిన్న తువాలు చుట్ట పెట్టి చాప మీద. ఎదురుగా మీరూ బోర్లా పడుకుని మొహం మొహానికి ఎదురుగా ఉంచి మాట్లాడండి, పసివాళ్లకు మనిషి మొహం కన్నా ఇష్టమైన బొమ్మ లేదు. నిమిషం ఉంటే నిమిషమే, ఏడవగానే ఎత్తుకోండి, అలా రోజుకు పదిసార్లయినా పది నిమిషాలు అవుతుంది కదా. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు నుంచే రోజుకు రెండు మూడుసార్లు మూడు నుంచి ఐదు నిమిషాలు మొదలుపెట్టి, ఏడు వారాల వయసుకు మొత్తం మీద 15 నుంచి 30 నిమిషాలకు తేవాలని అమెరికా పిల్లల డాక్టర్లు చెబుతారు. మీరు ఆలస్యంగా మొదలుపెట్టారని బాధపడక్కర్లేదు. ఒక్కటే షరతు, బిడ్డ మేలుకుని ఉండాలి, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. ఫోన్ వస్తే బిడ్డను వెల్లకిలా తిప్పేసి వెళ్లండి. అలాగే బోర్లానే కునుకు పట్టేసినా తిప్పేయండి.

*మా బాబుకు నాలుగు నెలలు. నుదుటి మధ్య నిలువుగా గట్టులా తగులుతోంది, నుదురు ముందుకు కోసుగా పొడుచుకొచ్చినట్టుంది. పడుకునే తీరు వల్లనే అంటున్నారు మా వాళ్లు.*
*— విజయనగరం*

కాకపోవచ్చు. పడుకోవడం వల్ల వచ్చే చదును వెనక ఉంటుంది, పుట్టినప్పుడు లేకుండా వారాల తర్వాత కనిపిస్తుంది. పైనుంచి చూస్తే చదునైన వైపు చెవి ముందుకు జరిగి, అదే వైపు నుదురు కాస్త ముందుకు వస్తుంది, తల మొత్తం ఒక పక్కకు తోసినట్టు ఉంటుంది. అలా కాకుండా అతుకు వెంట గట్టులా ఎముక తగలడం, పుట్టుకతోనే ఆకారం తేడా, చదునైన వైపు చెవి వెనక్కి పోవడం, ఎన్ని నెలలైనా మారకుండా ఇంకా పెరుగుతూ పోవడం, తల చుట్టుకొలత పెరగకపోవడం, ఇవి ఉంటే అతుకులు ముందే మూసుకుపోయాయేమో చూడాలి. క్రేనియోసినోస్టోసిస్ అంటారు, రెండు రెండున్నర వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. నుదుటి గట్టు ఒక్కటే ఉండి ఆకారం మామూలుగా ఉంటే ఏమీ కాకపోవచ్చు, ఆ అతుకు మొదటి ఏడాదిలోనే మూసుకుంటుంది, కానీ నుదురు కోసుగా ఉందని రాశారు కాబట్టి దాన్ని చేత్తో చూసి చెప్పాల్సిందే. వచ్చే నెల దాకా ఆగకుండా పిల్లల డాక్టరు దగ్గరికి, వాళ్లు అవసరమంటే పిల్లల న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్లండి. ఆపరేషన్ కావాలంటే కొన్ని రకాలు మొదటి కొన్ని నెలల్లో అయితేనే చిన్నగా అయిపోతాయి.

*తిరుమలలో పదకొండో నెలలో పుట్టువెంట్రుకలు తీయించాం. గుండు చేశాక చూస్తే వెనక తల మొత్తం చదునుగా ఉంది. ఇన్నాళ్లు జుట్టులో కనిపించలేదు. ఇప్పుడేం చేయాలి? ఇంకో మాట, వాడు రోజూ మూడు నాలుగు గంటలు ఊగే కుర్చీలో కూర్చుంటాడు.*
*— నెల్లూరు*

గుండు చేశాకే చాలామంది గమనిస్తారు. ఈ వయసులో పక్క మార్చడంతో పెద్ద ఫలితం ఉండదు, వాడు తనకిష్టమైనట్టు దొర్లి పడుకుంటాడు, మీరు ఆపలేరు. హెల్మెట్ వయసు కూడా దాటిపోతోంది. డాక్టరుకు ఒకసారి చూపించి తల చుట్టుకొలత, అతుకులు బాగున్నాయని అనిపించుకోండి, అవి బాగుంటే ఇక వదిలేయండి, రెండు మూడేళ్ల దాకా తల పెరుగుతూ కొంత సర్దుకుంటుంది, మిగిలింది జుట్టు వచ్చాక కనిపించదు. కుర్చీ మాత్రం తీసేయండి. ఊగే కుర్చీ అయినా, బౌన్సర్ అయినా, కారు సీటు అయినా అందులో కూర్చున్నంతసేపూ వెనక తల దేనికో ఒకదానికి ఆనే ఉంటుంది, కారు సీటు కారులోనే. పదకొండు నెలల పిల్లాడికి నేల మీద పాకడానికి చోటు కావాలి.